గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ జాబ్ చేయొచ్చా అని అడిగిన తమ్ముడికి

నీ ప్రశ్న మిగతావాళ్లకూ పనికొస్తుంది కాబట్టి నాలుగు ముక్కల్లో మళ్లీ చెప్తాను. ఖమ్మం జిల్లా నుంచి వచ్చి డాలస్ దగ్గర ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నావు. ఫాల్‌లో, అంటే ఆగస్టులో చేరావు, ఇప్పుడు మార్చి, రెండో సెమిస్టర్ నడుస్తోంది. ఫీజులకు బ్యాంకు లోన్ ఉంది, నెల ఖర్చులు నాన్న పంపుతానన్నారు. పోయినేడాది మంచి ధర పలికిన మీ తేజ మిర్చికి ఈసారి ధర పడిపోయింది, కౌలు కట్టాక చేతిలో ఏమీ మిగల్లేదు, జనవరి తర్వాత డబ్బు రాలేదు. అద్దె, తిండి, ఫోను అన్నీ కలిపి నీకు నెలకు 650 డాలర్లు కావాలి. రూమ్మేట్ పనిచేసే గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోలు బంకులో, రాత్రి షిఫ్టుకు గంటకు 8 డాలర్లు క్యాష్ ఇస్తారట. "అక్కా, అందరూ చేస్తున్నారు, దొరికేవాళ్లు ఎంతమంది? చేయొచ్చా?" అని అడిగావు.

చేయొద్దు. ఒక్క షిఫ్టు కూడా చేయొద్దు.

ఇంతే చెప్పి వదిలేస్తే నీ అద్దె ఎవరు కడతారు? అందుకే రెండో ముక్క కూడా విను. నీలాంటి పరిస్థితి కోసమే ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. దాన్ని ఎకనామిక్ హార్డ్‌షిప్ వర్క్ పర్మిట్ అంటారు. చదువు మొదలై ఒక పూర్తి అకడమిక్ ఇయర్ అయితే దానికి అప్లై చేయొచ్చు. అంటే నీకు మేలో అర్హత వస్తుంది. స్టేటస్‌లో, అంటే విద్యార్థిగా ఇక్కడ చట్టబద్ధంగా ఉండటంలో, మచ్చ లేనివాళ్లకే ఆ పర్మిట్ ఇస్తారు. అనుమతి లేకుండా ఒక్క షిఫ్టు చేసినా ఆ మచ్చ పడుతుంది. రెండు నెలలు ఓపిక పట్టి అప్లై చేసి, కార్డు వచ్చేదాకా క్యాంపస్‌లో పని చూసుకుంటే బయటపడతావు.

నా సంగతి చెప్తాను, ఏ అనుభవంతో మాట్లాడుతున్నానో తెలియాలి కదా. 2012లో టెక్సస్‌కే ఎంఎస్‌కి వచ్చాను, వరంగల్ నుంచి. మొదటి ఏడాది డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగాను. రెండో ఏడాది మా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేశాను. విద్యార్థుల ఫైళ్లు సర్దడం, కౌంటర్ దగ్గర కూర్చుని ప్రశ్నలు వినడం నా పని. తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినా, కొత్తగా వచ్చే మన పిల్లలకు ఈ విషయాల్లో సాయం చేయడం మానలేదు. లాయర్‌ని కాను. నీ కేసులో చివరి మాట మీ డీఎస్‌ఓది, అంటే మీ యూనివర్సిటీలో నీ ఐ-20 (విద్యార్థి వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టే ఆఫీసర్‌ది.

దొరకడం అంటే పోలీసులు షాపు మీద పడటం ఒక్కటే కాదు

"దొరికేవాళ్లు ఎంతమంది" అన్న లెక్క దగ్గరే మన పిల్లలు పొరపడతారు. అసలు దెబ్బ కాగితాల మీద తగులుతుంది, అదీ చాలా ఏళ్ల తర్వాత. రేపు పాస్‌పోర్టులో కొత్త వీసా స్టాంపింగ్‌కి వెళ్తే డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో వీసా నిబంధనలు ఎప్పుడైనా ఉల్లంఘించావా అని అడుగుతారు. గ్రీన్‌కార్డు చివరి దశలో నింపే ఐ-485లో అనుమతి లేకుండా అమెరికాలో ఎప్పుడైనా పనిచేశావా అన్న ప్రశ్న సూటిగానే ఉంటుంది. అవును అని రాస్తే ఆ పనికి సంజాయిషీ చెప్పుకోవాలి. కాదు అని రాస్తే అబద్ధమాడి ఇమిగ్రేషన్ లాభం పొందబోయినట్టు, దానికి ఈ దేశంలోకి రాకుండా జీవితకాల నిషేధం పడొచ్చు. మన దేశంలో పుట్టినవాళ్లకు గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడుగో నీకు తెలియంది కాదు. నాలుగు నెలల క్యాష్ కోసం అన్నేళ్లూ ఆ ప్రశ్న తలుచుకుంటూ బతకాలి.

ఇంకొకటి. క్రెడిట్లు తగ్గడం లాంటి కారణాలతో స్టేటస్ పోయినవాళ్లకు దాన్ని తిరిగి తెచ్చుకునే వీలుంది, రీఇన్‌స్టేట్‌మెంట్ అంటారు. అనుమతి లేకుండా పనిచేసినవాళ్లకు మాత్రం అది వర్తించదని నిబంధనలోనే రాసి ఉంది. మా ఆఫీసులో డీఎస్‌ఓగా ఉన్న ఆవిడ ఎప్పుడూ ఒకే మాట చెప్పేది: పని చేయకముందు నా దగ్గరికి వస్తే ఏదో ఒక దారి చూపిస్తాను, చేశాక వస్తే లాయర్‌ని వెతుక్కోమనడం తప్ప ఏం చేయలేను. ఏడాది ఆ కౌంటర్ దగ్గర కూర్చున్నాక ఆ మాట ఎంత నిజమో అర్థమైంది. చేశాక వచ్చినవాళ్లు కుర్చీ అంచున కూర్చుని, "నా ఫ్రెండ్ ఒకడున్నాడు" అని మొదలుపెట్టేవాళ్లు.

2013లో నాతో ఉన్న ఒకమ్మాయి శని, ఆదివారాలు ఓ మోటెల్లో గదులు సర్దే పనికి వెళ్లేది. గంటకు 6 డాలర్లు, క్యాష్. ఓనర్ మనవాడే, తెలుగులోనే మాట్లాడేవాడు, "అమ్మా" అని పిలిచేవాడు. ఆరు వారాలు చేయించుకుని, డబ్బు అడిగితే వచ్చే వారం, వచ్చే వారం అని తిప్పాడు. గట్టిగా అడిగిన రోజు ఫోన్ చేతిలోకి తీసుకుని "నీ వీసా సంగతి ఎవరికైనా చెప్పమంటావా" అన్నాడట. ఆ రాత్రి ఆమె వంటింట్లో కింద కూర్చుని చేతులు చూపించింది. బ్లీచ్‌కి వేళ్ల చివర చర్మం తెల్లగా ఉబ్బి పొరలు పొరలుగా లేస్తోంది. ఆ డబ్బు రాలేదు. ఎవరికి కంప్లయింట్ ఇవ్వాలన్నా ముందు తన తప్పు ఒప్పుకోవాలన్న భయంతో నోరు మూసుకుంది. క్యాష్ పనిలో యజమానికి నీ మీద ఉండే పట్టు ఇదే.

మరో అబ్బాయి సంగతి. ముందటేడు అక్క పెళ్లికి ఇంటికి వెళ్లి తిరిగి వస్తుంటే ఎయిర్‌పోర్టులో ఆఫీసర్లు పక్కకు పిలిచి ఫోన్ అడిగారు. దేశంలోకి వచ్చేటప్పుడు ఫోన్ చూసే అధికారం వాళ్లకు ఉంటుంది. వాట్సాప్‌లో స్టోర్ ఓనర్‌తో "ఈ వారం నాలుగు నైట్లు, 260 ఇచ్చా" అన్న మెసేజ్‌లు ఉన్నాయి. వీసా రద్దు చేసి తర్వాతి విమానంలో వెనక్కి పంపారు. ఇంకా ఒకే ఒక్క సెమిస్టర్ మిగిలింది ఆ పిల్లాడికి.

రాత్రి షిఫ్టు ప్రమాదం గురించి పెద్దగా రాయను, వార్తలు నువ్వూ చదువుతూనే ఉన్నావు. దోపిడీకి వచ్చినవాళ్ల కాల్పుల్లో మన పిల్లలు గ్యాస్ స్టేషన్ కౌంటర్ల వెనకే ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాలం కూడా బాగాలేదు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే రికార్డులు, ఉన్నట్టుండి రద్దు చేశారు. చాలామంది విషయంలో ఎప్పుడో జరిగిన చిన్నపాటి పోలీసు కేసులే కారణం. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరుకు పునరుద్ధరించారు గానీ ఆ కొన్ని వారాలు పిల్లలు నిద్రపోలేదు. పెద్ద తప్పేమీ లేనివాళ్లే అంత వణికారు. చేతులారా తప్పు తెచ్చిపెట్టుకోకు.

మరి అప్పటిదాకా ఎలా?

తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల దాకా, సెలవుల్లో ఫుల్ టైమ్‌గా క్యాంపస్‌లో పనిచేయొచ్చు. మొదటి సెమిస్టర్ నుంచే వీలుంది, యూఎస్‌సీఐఎస్, అంటే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ అనుమతి అక్కర్లేదు. యూనివర్సిటీ నేరుగా ఇచ్చే ఉద్యోగాలే కాదు, క్యాంపస్‌లో విద్యార్థుల కోసం బయటి కంపెనీలు నడిపే ఫుడ్ కోర్టులు, బుక్‌స్టోర్ కూడా ఇందులోకే వస్తాయి.

నీ క్యాంపస్ డైనింగ్‌లో గంటకు 10 డాలర్లు ఇస్తారని నువ్వే రాశావు. వారానికి 20 గంటలంటే 200 డాలర్లు, నెలకు 800 పైచిలుకు. గ్యాస్ స్టేషన్‌లో ఇదే 200 కావాలంటే 25 గంటలు, అదీ రాత్రంతా మేలుకుని. నీకు తక్కువ పడింది 650. ఆ గుంత క్యాంపస్ పనితోనే పూడుతుంది.

"40 పోస్టింగ్‌లకు అప్లై చేశాను అక్కా, ఒక్కరూ పలకలేదు" అన్నావు. అన్నీ పోర్టల్లోనే చేసి ఉంటావు. పోర్టల్లో పెట్టిన ఉద్యోగానికి వందల అప్లికేషన్లు వస్తాయి, మేనేజర్లు మొదటి పదో ఇరవయ్యో చూసి ఆపేస్తారు. మనిషిగా వెళ్లి కనిపించాలి. నేను చేసిన పద్ధతి చెప్తాను.

నా టైమ్‌టేబుల్‌ని ఒక కాగితం మీద ప్రింట్ తీశాను. క్లాసులున్న గంటలకు ఒక రంగు, ఖాళీ గంటలకు ఇంకో రంగు. దాన్ని పట్టుకుని మధ్యాహ్నం రెండున్నరకు, అంటే లంచ్ రద్దీ అయిపోయి మేనేజర్ కాస్త కూర్చునే వేళకు డైనింగ్ హాల్‌కి వెళ్లాను. "పొద్దున ఆరు గంటల షిఫ్టు, శని ఆదివారాలు, డిష్ రూమ్, ఏదైనా చేస్తాను" అన్నాను. అమెరికన్ పిల్లలు పొద్దున ఆరింటికి లేవరు, డిష్ రూమ్ అంటే పారిపోతారు. ఖాళీలు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. "అవసరం పడితే పిలుస్తాం" అంది మేనేజర్. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. మూడోసారి వెళ్లినప్పుడు నన్ను చూసి నవ్వి ఏప్రన్ చేతికిచ్చింది.

డిష్ రూమ్ అంటే ఏంటో తెలిసే వెళ్లు. కన్వేయర్ బెల్టు మీద ట్రేలు ఆగకుండా వస్తుంటాయి. ఎడం చేత్తో ట్రే లాగి, కుడిచేత్తో ఎంగిలి దులిపి, ప్లేట్లు ఒక రాక్‌లో, గ్లాసులు ఒక రాక్‌లో, స్పూన్లు సబ్బు నీళ్ల బకెట్‌లో వేయాలి. మెషీన్ తలుపు తీసినప్పుడల్లా వేడి ఆవిరి ముఖం మీదికి కొడుతుంది. మొదటి వారం బూట్లలోకి నీళ్లు పోయి సాక్సు తడిసి పాదాలు పాచిపోయాయి. రెండో వారం జారని రబ్బరు బూట్లు కొనుక్కున్నాను, ఆ జత కొనే దాకా ఏ పనీ సుఖంగా అనిపించదు. జుట్టుకు పట్టిన సలాడ్ డ్రెసింగ్ వాసన రెండుసార్లు తలంటుకున్నా పోయేది కాదు. మరి ఎందుకు చెప్తున్నానంటే, షిఫ్టు చేసినవాళ్లకు ఒక పూట భోజనం అక్కడే పెట్టేవాళ్లు, నా తిండి ఖర్చు సగానికి తగ్గింది. అలా ఏడు నెలలు చేశాక నా సూపర్‌వైజర్ రాసిచ్చిన రెండు వాక్యాల సిఫారసుతోనే ఇంటర్నేషనల్ ఆఫీసులో పని వచ్చింది.

ఏప్రిల్ నెలాఖరు నీకు మంచి సమయం. మేలో డిగ్రీ అయిపోయి వెళ్లిపోయేవాళ్ల స్థానాలన్నీ అప్పుడు ఖాళీ అవుతాయి, వేసవిలో క్యాంపస్‌లో ఉండేవాళ్లు తక్కువ. లైబ్రరీ రాత్రి డెస్కు, జిమ్, పరీక్షల సెంటర్‌లో ఇన్విజిలేషన్, వేసవి క్యాంపుల కోసం హాస్టల్ గదులు సిద్ధం చేసే పని, అన్నీ అడుగు. కంప్యూటర్ సైన్స్ పిల్లలందరూ వాళ్ల డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ల వెంటే పడతారు. నువ్వు సైకాలజీ, బయాలజీ, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ల వైపు వెళ్లు. వాళ్ల దగ్గర డేటా ఉంటుంది, దాన్ని శుభ్రం చేసి పెట్టే మనిషి ఉండడు. మెయిల్‌లో "డియర్ రెస్పెక్టెడ్ సర్" పురాణం వద్దు. వాళ్ల పేపర్ ఒకటి చదివి, మీ డేటాకి నేను ఈ పని చేసిపెట్టగలను అని నాలుగు వాక్యాలు రాస్తే చాలు.

టెక్సస్‌లో ఉన్నావు కాబట్టి ఇంకో మాట, ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. స్టేట్ యూనివర్సిటీలో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లు వస్తే, ఆ యూనివర్సిటీ నీకు ఇన్‌స్టేట్ ఫీజు, అంటే టెక్సస్ వాళ్లు కట్టే తక్కువ ఫీజు వర్తింపజేయొచ్చు. నీ కోర్సుకు సంబంధించిన పనిలో సగం టైమ్ టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా కుదిరినా అంతే. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్పే అయినా సెమిస్టర్ ఫీజులో మిగిలేది దానికి ఎన్నో రెట్లు. ఫాల్ స్కాలర్‌షిప్‌ల గడువు నీ డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడో రేపే కనుక్కో.

పని దొరికాక జాగ్రత్తలు రెండు. 20 గంటలంటే అన్ని ఉద్యోగాలూ కలిపి 20. డైనింగ్‌లో 12, లైబ్రరీలో 10 చేస్తే 22 అయిపోతుంది, ఎవరో షిఫ్టు మార్చుకోమన్నారని ఒప్పుకున్నా గంటలు నీ లెక్కలోకే వస్తాయి. ఫుట్‌బాల్ గేమ్ రోజు నన్ను ఇంకో రెండు గంటలు ఉండమని సూపర్‌వైజర్ బతిమాలింది. నా వీసాకు కుదరదు అని చెప్పి ఏప్రన్ విప్పాను. తను ఏమీ అనుకోలేదు, తర్వాత ఎప్పుడూ అడగలేదు కూడా. రెండోది, పే స్లిప్ చదువు. ఎఫ్-1 మీద వచ్చిన మనకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను, అంటే మొత్తం 7.65 శాతం, కోయకూడదు. నాకు ఐదు నెలలు కోశారు, పేరోల్‌లో ఎవరో నన్ను రెసిడెంట్‌గా నమోదు చేశారు. స్లిప్పులు పట్టుకెళ్లి చూపిస్తే మొత్తం వెనక్కి ఇచ్చారు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని కంగారు పడకు. ఉద్యోగం ఇచ్చినవాళ్ల లెటర్, డీఎస్‌ఓ లెటర్ పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్తే ఇస్తారు.

హార్డ్‌షిప్ పర్మిట్ సంగతి

నీ కేసుకు ఇదే ముఖ్యం, కాబట్టి నెమ్మదిగా చదువు.

నీ చేతిలో లేని, ముందుగా ఊహించని కారణంతో డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు బయట పనిచేసుకోవడానికి యూఎస్‌సీఐఎస్ ఇచ్చే అనుమతి ఇది. కారణాలకు ఉదాహరణలు నిబంధనలోనే ఉన్నాయి: స్కాలర్‌షిప్ లేదా క్యాంపస్ ఉద్యోగం పోవడం, కరెన్సీ విలువ బాగా పడిపోవడం, ఫీజులు విపరీతంగా పెరగడం, ఆస్పత్రి ఖర్చులు, డబ్బు పంపేవాళ్ల ఆర్థిక స్థితి ఉన్నట్టుండి మారడం. చివరిది చదివావా? మిర్చి ధర పడి నాన్న డబ్బు పంపలేకపోవడం సరిగ్గా అదే. మన ఊళ్లో అందరికీ జరిగే సంగతే కదా, అమెరికా వాళ్లు దీన్ని పట్టించుకుంటారా అనుకోకు. కాగితాలతో చూపించగలిగితే అది కారణమే.

షరతులు ఏంటంటే, ఒక పూర్తి అకడమిక్ ఇయర్ పూర్తయి ఉండాలి, ఫుల్ టైమ్ చదువుతూ మార్కులు సరిగ్గా ఉండాలి, పని వల్ల చదువు దెబ్బతినకూడదు, క్యాంపస్ ఉద్యోగం దొరక్కపోవడమో సరిపోకపోవడమో జరిగి ఉండాలి. ఆ చివరి షరతు కోసమే నువ్వు అప్లై చేసిన 40 పోస్టింగ్‌ల మెయిళ్లు ఒక్కటి కూడా డిలీట్ చేయకు. డైనింగ్ మేనేజర్ దగ్గరికి ఏ తేదీన వెళ్లావో కూడా రాసి పెట్టుకో. ఇప్పటిదాకా నీకు బరువుగా అనిపించిన ఆ తిరస్కారాలన్నీ రేపు నీ ఫైల్లో సాక్ష్యం.

ముందు డీఎస్‌ఓ సిఫారసు చేసి కొత్త ఐ-20 ఇస్తారు. దానితో నువ్వు వర్క్ పర్మిట్ దరఖాస్తు, అంటే ఐ-765 ఫారం వేయాలి. ఫీజు అయిదు వందల డాలర్లకు అటూ ఇటూగా అవుతుంది. కట్టలేనివాళ్లు మినహాయింపు కోరే వీలుంది, ఆ విషయం డీఎస్‌ఓతో మాట్లాడు. కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు, కార్డు చేతికి రాకముందు పని మొదలుపెట్టకూడదు. ఒక్కసారికి ఏడాది దాకా ఇస్తారు, తరగతుల రోజుల్లో వారానికి 20 గంటలు. యూనివర్సిటీ మారితే అది రద్దవుతుంది. నీ ఓపీటీలోంచి, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోవడానికి ఇచ్చే గడువులోంచి, ఒక్క రోజు కూడా తగ్గదు. పని నీ కోర్సుకు సంబంధించినదే అయి ఉండాలని కూడా లేదు. కార్డు వచ్చాక అదే గ్యాస్ స్టేషన్‌లో పగటి షిఫ్టు అడిగి, జీతం చెక్కు రూపంలో, పే స్లిప్‌తో తీసుకుంటే చట్టం ఏమీ అనదు. అప్పుడు ఆ ఓనర్ నీ డబ్బు ఎగ్గొట్టి భయపెట్టలేడు కూడా.

అందరికీ వస్తుందని చెప్పను. వచ్చేటప్పుడే బ్యాంకులో అప్పు తెచ్చిన డబ్బు నాలుగు రోజులు చూపించి, ఇక్కడికి వచ్చాక డబ్బు లేదంటే అది ఊహించని కష్టం కాదు. నీది అలా కాదు. ఆరు నెలలు డబ్బు వచ్చింది, తర్వాత ఆగింది, కారణం స్పష్టంగా ఉంది.

రూమ్మేట్ ఇచ్చిన రెండో సలహా

"ఇదంతా వద్దు, డే-1 సీపీటీ ఇచ్చే చిన్న యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిపో, మొదటి రోజు నుంచే ఫుల్ టైమ్ పని" అన్నాడట. సీపీటీ అనేది నీ సిలబస్‌లో భాగమైన శిక్షణ, మామూలుగా ఒక అకడమిక్ ఇయర్ తర్వాతే. మొదటి రోజు నుంచి ఇచ్చే మినహాయింపు, కోర్సే అందరినీ వెంటనే శిక్షణకు పంపాల్సిన పీజీ చదువులకు ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని చదువు పేరుకే, పని అసలుకు అన్నట్టు నడిపే చోట్లకు వెళ్తే నీ స్టేటస్ వాళ్ల మీద ఆధారపడుతుంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన తెలుగు పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు, ఆ ఫొటోలు మన పేపర్లలో మొదటి పేజీలో వచ్చాయి. 2019 జనవరిలో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు యూనివర్సిటీయే కాదు, ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని పెట్టింది. క్లాసులు లేవు, ఉపాధ్యాయులు లేరు. వందకు పైగా విద్యార్థులను అరెస్టు చేశారు, ఎక్కువమంది మనవాళ్లే. ఇప్పుడున్న డిగ్రీని వదిలి అటు వెళ్లే అవసరం నీకు లేదు.

చిన్న చిన్న పనుల గురించి కూడా అడిగావు, గబగబా చెప్తాను. వేరేవాళ్ల అకౌంటు మీద డోర్‌డాష్, ఊబర్ ఈట్స్ నడపడం కుదరదు, నీ పేరు మీదైనా కుదరదు. ఇంట్లో వండి టిఫిన్ బాక్సులు, పచ్చళ్లు అమ్మడం కూడా పనే. పిల్లల్ని చూసుకుని డబ్బు తీసుకున్నా పనే. ఫ్రీలాన్సింగ్ అంతే. "జీతం లేకుండా మూడు నెలలు మా కంపెనీలో చెయ్, తర్వాత ఓపీటీలో తీసుకుంటాం" అనే కన్సల్టెన్సీ మాట నమ్మకు, జీతం ఇచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా తప్పే. పాత సోఫా అమ్ముకోవచ్చు. ఇండియా కంపెనీకి ఇక్కడ కూర్చుని పని చేయడం గురించి డీఎస్‌ఓని అడగకుండా ఒక్క అడుగు వేయకు.

ఈ నెల అద్దె సంగతి. మీ యూనివర్సిటీలో డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు ఉంటుంది, చాలాచోట్ల అత్యవసర సాయం, చిన్న వాయిదా అప్పులు అక్కడే ఇస్తారు. విదేశీ విద్యార్థులకు వర్తించేవి ఏవో అడుగు. క్యాంపస్‌లో ఫుడ్ ప్యాంట్రీ ఉంటే స్టూడెంట్ ఐడీ చూపించి బియ్యం, పప్పు, గుడ్లు తెచ్చుకో. అది దానం అనుకుని సిగ్గుపడకు, నీలాంటి వాళ్ల కోసమే పెట్టారు. నేను ఆ లైన్‌లో నిలబడ్డాను, నా ముందు ఇక్కడ పుట్టిన పిల్లలే ఎక్కువమంది నిలబడ్డారు.

బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్ ఒకసారి తీసి చూడు. చాలా లోన్లలో ఫీజులతో పాటు బస, తిండి ఖర్చులకు కూడా కొంత మొత్తం మంజూరై ఉంటుంది, నాన్న పంపుతున్నారు కదా అని మీరు దాన్ని అడిగి ఉండరు. ఆ లైను ఉంటే బ్రాంచికి నాన్నను పంపించు, తీసుకోని మొత్తం ఎంతుందో అడగమను. వడ్డీ పెరుగుతుంది, నిజమే. అయినా వడ్డీ కట్టి తీర్చుకోవచ్చు.

రేపు పొద్దున డీఎస్‌ఓ అపాయింట్‌మెంట్ తీసుకో. "నాన్నగారి పంట ధర పడిపోయింది, జనవరి తర్వాత డబ్బు రాలేదు, క్యాంపస్‌లో పని వెతుకుతున్నాను, మేలో హార్డ్‌షిప్ పర్మిట్‌కి అప్లై చేయాలనుకుంటున్నాను, ఇప్పటినుంచే ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి" అని అడుగు. గ్యాస్ స్టేషన్ ఊసు తేవాల్సిన పనే లేదు, ఎందుకంటే నువ్వు అక్కడ చేయలేదు, చేయబోవడం లేదు.

కాగితాలంటే, నాన్న రాసిన ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్, నీ అకౌంటులో డబ్బు రావడం ఎప్పుడు ఆగిందో చూపే పేజీ, కౌలు రసీదు. అన్నిటికంటే బలమైనది ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి అమ్మినప్పుడు ఇచ్చిన తక్‌పట్టీలు. పోయినేడాదివి, ఈ ఏడాదివి పక్కపక్కన పెట్టి, కింద ఇంగ్లీషు అనువాదం జతచేస్తే వేరే వివరణ అక్కర్లేదు. చాలామంది రైతులు వాటిని గూట్లోనో సంచి అడుగునో పడేసి మర్చిపోతారు, పెళ్లి పత్రికలతో కలిపి పారేస్తారు కూడా. నువ్వు ఇది చదివేసరికి అక్కడ తెల్లవారుతుంటుంది. నాన్నకు ఫోన్ చేసి, ఆ కాగితాలు వెతికి ఫొటో తీసి పంపమని చెప్పు. ఎందుకని అడిగితే డబ్బు కోసం కాదని ముందే చెప్పు, పాపం ఆయన ఆ మాటకే భయపడుతుంటాడు.